తాతల నాటి చెలకలో మట్టి, నీళ్లు ఆపుకోవాలంటే ఏది ముందు, ఏది వెనక

యూరియా బంద్ పెట్టడంతో మాత్రం మొదలుపెట్టకండి. నేను అట్లా మొదలుపెట్టి ఆ ఏడాది దీపావళి నుంచి సంక్రాంతి దాకా ఇంట్లో తలెత్తుకోలేకపోయాను. వరంగల్ జిల్లా నర్సంపేట దిక్కు మాది తొమ్మిదెకరాలు. తాత బాపుకూ చిన్నబాపుకూ పంచి ఇచ్చాడు గానీ పని మాత్రం ఇప్పటికీ కలిపే నడుస్తుంది. ఎర్ర చెలక (వానాధారపు ఎర్ర నేల) ఎక్కువ, కింద వాగు పక్కన రెండెకరాల మడి. నాలుగు వీడియోలు చూసి, రెండు మీటింగులకు పోయి వచ్చి, రెండెకరాల పత్తికి ఆ ఏడాది ఒక్క బస్తా కూడా వేయనివ్వలేదు, పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతం పోశాను. చెట్టు పచ్చబడలేదు, కాయ పట్టలేదు, పక్క చెలకలో ఇంకా పత్తి ఏరుతుంటే మాది రెండో ఏరుడుకే అయిపోయింది. బాపు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. తాత మాత్రం "మట్టిల ఏం లేనప్పుడు పైనుంచి ఏం పోస్తే ఏంది బిడ్డా" అన్నాడు.

వరుస ఆ మాటలోనే ఉంది. ముందు వాన నీళ్లను చెలకలో ఆపాలి, తర్వాత మట్టి కొట్టుకుపోకుండా కప్పి ఉంచాలి, తర్వాత దానికి తిండి పెట్టాలి, ఆ తర్వాతే బస్తాలు తగ్గించే మాట. మనలాంటివాళ్లం చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తాం, ఎందుకంటే బస్తా ఆపడానికి పైసా ఖర్చు లేదు, గట్టు వేయాలంటే నడుం వంచాలి. పంట పోతుంది, ఇంట్లో పెద్దవాళ్లు "మేం ముందే చెప్పలేదా" అంటారు, ఇక పదేళ్లపాటు ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

ముందు ఇంట్లో కూర్చోండి

ఉమ్మడి చెలకలో మీ ఒక్కరి ఇష్టంతో అయ్యే పని దాదాపు ఏదీ లేదు. పాస్ బుక్ ఒకరి పేరు మీద, అప్పు ఇంకొకరి పేరు మీద, ట్రాక్టర్ చిన్నబాపుది, కలుపు తీసేది అమ్మ, వదిన. అందుకని మృగశిర కార్తె ముందర కాదు, ఆ టైంలో ఎవరికీ మాట వినే ఓపిక ఉండదు, యాసంగి పంట ఇంటికి వచ్చాక ఏప్రిల్‌లోనో మేలోనో ఒక పొద్దు అందరూ ఇంట్లో ఉన్నప్పుడు కూర్చోండి. "సేంద్రియం", "ప్రకృతి వ్యవసాయం" అనే మాటలు ఆ రోజుకు తీసి పక్కన పెట్టండి. ఆ మాట వినగానే బాపు తరంవాళ్లకు మనం వాళ్లు ముప్పై ఏళ్లు చేసింది తప్పు అంటున్నట్టు వినపడుతుంది. వాళ్లు అప్పుడు బస్తాలు వేసే మమ్మల్ని చదివించారు, అది కూడా మరిచిపోవద్దు.

దానికి బదులు అడగండి. తాతను, బాపమ్మను అడగండి: ఏ చెలకలో ముందు ఏం వేసేవాళ్లు, ఏ మూల నీళ్లు నిలిచేవి, ఎక్కడ గట్టు ఉండేది, అది ఎప్పుడు పోయింది. మా ఇంట్లో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు నాకు ఏ మీటింగులోనూ దొరకలేదు. "పెద్ద చెలక"లో ఒకప్పుడు అడ్డంగా మూడు గట్లు ఉండేవట. ట్రాక్టర్ వచ్చాక తిరగడానికి అడ్డమని రెండు తీసేశారు, మూడోది పంపకాలప్పుడు పోయింది.

ఈ పంపకాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన దగ్గర సగం మట్టి కోత దీనివల్లనే. అన్నదమ్ములు చెలక పంచుకునేటప్పుడు ఇద్దరికీ పైన బాట కావాలి, ఇద్దరికీ కింద వాగు నీళ్లు కావాలి. కాబట్టి చెలకను పైనుంచి కిందికి పొడుగ్గా చీలుస్తారు. న్యాయమే. కానీ ఆ చీలిక సన్నగా, పొడుగ్గా అయ్యేసరికి ట్రాక్టర్ పొడుగు దిక్కే దున్నుతుంది, అంటే వాలు వెంబడి పైనుంచి కిందికి. ప్రతి సాలూ ఒక కాలువ అవుతుంది. రెండు తరాలు అట్లా పంచితే ఆరు చీలికలు, వందల సాళ్లు, ఒక్క గట్టి వానకు అన్నీ వాగులోకే. ఇక్కడ మీరు చేయాల్సింది గెట్టు (హద్దు) మార్చడం కాదు, దాని జోలికి పోతే పంచాయితీ పోలీస్ స్టేషన్ దాకా పోతుంది. గెట్టు రాళ్లు అట్లనే ఉంచి, దున్నడం మాత్రం అందరిదీ కలిపి అడ్డంగా దున్నుదామని పాలోళ్లతో, అంటే వాటా ఉన్న దాయాదులతో, మాట్లాడండి. రాయి ఎవరిది ఎక్కడుందో అక్కడే ఉంటుంది, ట్రాక్టర్ మాత్రం దాని పక్క నుంచి అడ్డంగా పోతుంది. మా చిన్నబాపు ఒప్పుకోవడానికి ఒక వానాకాలం పట్టింది.

ఆ కూర్చున్న పొద్దే ఒక ముక్క తేల్చుకోండి. మొత్తం చెలక కాదు, ఇరవై గుంటలు (అర ఎకరం) చాలు. అందులో పంట పోయినా ఇంటి ఖర్చు ఆగకూడదు, అట్లని ఊరి చివర ఎవరికీ కనపడని రాళ్ల ముక్క కూడా వద్దు, బాపు రోజూ నడిచే దారిలో ఉండాలి. ఇంకొకటి, ఒక నోట్‌బుక్ పెట్టండి. కూలి, డీజిల్, విత్తనం, మందు, దిగుబడి, ఆ ముక్కకు వేరుగా, దాని పక్కనే అంతే కొలత ఉన్న పాత పద్ధతి ముక్కకు వేరుగా రాయండి. మా ఇంట్లో ఆ నోట్‌బుక్ అమ్మ దగ్గర ఉంటుంది, ఎందుకంటే నా దగ్గరుంటే నేను నాకు అనుకూలంగా రాస్తానని అందరి అనుమానం, నిజం చెప్పాలంటే కొంచెం నాక్కూడా.

వాన పడుతున్నప్పుడు చెలకకు పోండి

ఇది ఖర్చు లేని పని, ఎవరూ చేయని పని. గట్టి వాన పడుతుంటే గొడుగు పట్టుకుని, పిడుగులు లేని టైం చూసుకుని, చెలక చుట్టూ ఒకసారి తిరగండి. ఎర్ర నీళ్లు ఎక్కడి నుంచి లోపలికి వస్తున్నాయి, ఎక్కడ సాలు దాటి పొర్లుతున్నాయి, ఎక్కడి నుంచి బయటకు పోతున్నాయి. ఆ మూడు చోట్లా పత్తి కట్టె ఒకటి గుచ్చి రండి, వాన వెలిశాక గుర్తుండదు.

లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి: ఒక ఎకరం మీద ఒక సెంటీమీటర్ వాన పడితే అది దగ్గర దగ్గర 40,000 లీటర్లు. మన వరంగల్ దిక్కు ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది, అందులో ఎక్కువ భాగం నైరుతి నాలుగు నెలల్లోనే, అదీ కొన్ని గట్టి వానల్లో. అంటే మన దగ్గర వాన తక్కువ కాదు, వాన నిలవట్లేదు. జూలైలో చెలక కొట్టుకుపోతుంది, ఆగస్టులో ఇరవై రోజులు చినుకు పడక అదే చెలకలో పత్తి వాడిపోతుంది, రెండూ చూసినవాళ్లమే.

చెలక నుంచి బయటకు పోయే నీళ్లను ఒక నీళ్ల సీసాలో పట్టి ఇంటికి తెచ్చి గూట్లో పెట్టండి. తెల్లారేసరికి అడుగున ఎంత మన్ను దిగిందో ఇంట్లో అందరికీ కనపడుతుంది. నేను పట్టిన సీసాలో బొటనవేలు మందం దిగింది. బాపు దాన్ని ఎత్తి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు, ఏమీ అనలేదు, కానీ ఆ సీసా నెల రోజులు ఎవరూ తీయలేదు.

మట్టాన్ని చూసుకోవడం, గట్టు వేయడం

అడ్డంగా దున్నాలి, అడ్డంగా గట్టు వేయాలి అంటే ఏది అడ్డమో తెలియాలి. కంటితో చూస్తే మోసపోతాం. దానికి సర్వేయర్ అక్కర్లేదు, మూడు కర్రలు, ఒక దారం, ఒక రాయి చాలు.

ఆరేడు అడుగుల వెదురు కర్రలు రెండు తీసుకుని పైన కలిపి గట్టిగా కట్టండి, కింద కాళ్లు బారెడు దూరంలో ఉండాలి. మధ్యలో మూడో కర్ర అడ్డంగా కట్టండి. పైన ముడి దగ్గర నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయండి, దారం ఆ అడ్డ కర్రను తాకుతూ కిందికి దిగాలి. ఇప్పుడు రెండు కాళ్లూ నేల మీద పెట్టి, కాళ్లు ఆనిన రెండు చోట్లా గుర్తు పెట్టండి, దారం అడ్డ కర్ర మీద ఎక్కడ ఆగిందో అక్కడ బొగ్గుతో గీయండి. తర్వాత చట్రాన్ని తిప్పి, ఎడమ కాలు ఉన్న చోట కుడి కాలు, కుడి కాలు ఉన్న చోట ఎడమ కాలు పెట్టి మళ్లీ గీయండి. ఈ రెండు గీతల నట్టనడుమ ఇంకో గీత గీస్తే అదే సరి మట్టం. దారం ఆ నడిమి గీత మీదికి వస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. గాలి లేని పొద్దు చేయండి, గాలి ఉంటే దారం ఊగుతూ ఉంటుంది, మీకు చిరాకు వస్తుంది.

చెలక ఒక అంచు నుంచి మొదలుపెట్టి, దారం నడిమి గీత మీద ఆగే చోటల్లా ఒక పుల్ల గుచ్చుకుంటూ అవతలి అంచు దాకా నడవండి. పుల్లల వరుస వంకరగా వస్తుంది, తప్పేం లేదు, నేల వంకరే అది. మరీ చిన్న చిన్న మెలికలను కాస్త సరిచేసుకుంటే ట్రాక్టర్ తిరగడానికి బాగుంటుంది. ఆ వరుస మీదే గట్టు, దానికి సమాంతరంగానే దున్నడం, దానికి సమాంతరంగానే విత్తడానికి గీసే అచ్చు. ట్రాక్టర్ డ్రైవర్ మలుపులు ఎక్కువ, డీజిల్ పోతుందని గునుస్తాడు, ఎకరానికి ఒక వంద ఎక్కువ ఇచ్చి పక్కనే నిలబడండి, లేకపోతే మీరు ఇంటికి పోగానే పాత దిక్కే దున్నేస్తాడు.

గట్టు మేం అడుగున నాలుగడుగులు, పైన అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు వేశాం. మొదటిసారి ఒక తప్పు చేశాను: నీళ్లన్నీ ఆపాలన్న ఆశతో మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి) పెట్టలేదు. చెరువుకు మత్తడి ఎందుకు ఉంటుందో చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా గట్టుకు పెట్టలేదు. ఆగస్టులో ఒక రాత్రి వానకు గట్టు నడుమ తెగి, కింద చిన్నబాపు మక్క పదిహేను సాళ్లు పడుకున్నాయి. ఆయనకు నష్టం కట్టిచ్చాం. కాబట్టి ప్రతి గట్టుకూ ఒక చోట, గట్టు ఎత్తులో సగం దగ్గర, ఎక్కువైన నీళ్లు పోవడానికి దారి పెట్టండి, అక్కడ రాళ్లు పరవండి, ఆ నీళ్లు గడ్డి ఉన్న చోటికి దిగాలి, ఒట్టి మట్టి మీదికి కాదు.

కొత్త గట్టు మీద మొదటి వానాకాలంలోనే ఏదైనా నాటండి. మేం గ్లిరిసిడియా కొమ్మలు మూరెడు మూరెడు ముక్కలు కొట్టి నాటాం, దాని ఆకు కోసి చెలకలో వేస్తే నత్రజని ఎరువు పని చేస్తుంది, ఏడాదికి రెండు మూడు కోతలు వస్తాయి. నడుమ నడుమ గడ్డి. అంతకన్నా ముఖ్యం, గట్ల మీద గడ్డి మందు కొట్టడం ఆపండి. వేర్లు చచ్చిన గట్టు వానకు బిస్కెట్ లెక్క నానిపోతుంది. మందు కొట్టడం మొదలయ్యాక మా చెలక గట్ల మీద గునుగు కనపడటమే తగ్గింది. బతుకమ్మకు గునుగు పువ్వు కొనుక్కొచ్చిన ఏడాది బాపమ్మ వారం రోజులు సణిగింది, చెలక ఉన్న ఇంట్లో గునుగు కొనడమేందని. మందు ఆపిన రెండో ఏడాది గట్టు మీద మళ్లీ మొలిచింది. ఇంట్లో ఈ పనికి దొరికిన మొదటి ఓటు బాపమ్మదే.

పత్తిలో ఇంకో చిన్న పని ఉంది. విత్తిన నెలా పదిహేను రోజులకు, చివరి గుంటుక (సాళ్ల నడుమ కలుపు తీసే పనిముట్టు) తోలేటప్పుడు, నాలుగైదు సాళ్లకు ఒకటి చొప్పున లోతుగా సాలు తీయించండి. ఎక్కువ వాన వస్తే నీళ్లు పోతాయి, తక్కువ వస్తే అందులో నిలిచి ఇంకుతాయి. దీనికి అదనంగా ఖర్చు ఏం లేదు.

నీటి కుంట గురించి ఎక్కువ చెప్పను. చెలక కింది మూల జాగా ఉంటే తవ్వుకోండి, ఉపాధి హామీ పనుల్లో తవ్వించుకున్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. పైన 10 మీటర్లు పొడుగు, 10 మీటర్లు వెడల్పు, 2 మీటర్ల లోతు, పక్కలు ఏటవాలుగా తీస్తే లక్షా ముప్పై వేల లీటర్ల దాకా పడుతుంది. మిర్చికి ఒక తడికి అక్కరకొస్తుంది, లేదంటే నీళ్లు నేలలోకి దిగి బాయికి అందుతాయి. చుట్టూ కంచె మాత్రం కట్టండి. పిల్లలు సెలవుల్లో చెలకకు వస్తారు.

మన్ను పరీక్ష, చెరువు మట్టి

నీళ్లు ఆగడం మొదలయ్యాక మట్టి దిక్కు చూడండి. ఎండాకాలంలో, ఎరువు వేయకముందు, చెలకలో అటూ ఇటూ వంకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ఇంగ్లిష్ వి ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంత తీసి, గుంత అంచు వెంట పైనుంచి కింద దాకా పలచగా ఒక పొర చెక్కండి. చెట్టు కింద, గట్టు పక్కన, పెంట కుప్ప పోసిన చోట వద్దు. అంతా బట్ట మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురుగా ఉన్న రెండు తీసేస్తూ పోతే చివరికి అరకిలో మిగులుతుంది. అది నీడలో ఆరబెట్టి సంచిలో వేసి, చెలక పేరు, ముందు పంట, సర్వే నంబర్ చీటీ మీద రాసి పెట్టి, మీ ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇవ్వండి. వరంగల్‌లో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, మామునూరులో, మల్యాలలో కేవీకేలు (కృషి విజ్ఞాన కేంద్రాలు) ఉన్నాయి, అక్కడ కూడా అడగొచ్చు.

రిపోర్టులో చాలా గడులు ఉంటాయి. మీరు ముందు చూడాల్సింది సేంద్రియ కర్బనం. 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మాది 0.31 వచ్చింది. నేను జీవామృతం పోసి పంట పోగొట్టుకున్న ముక్కే అది, తాత నోటితో చెప్పింది కాగితం మీద కనపడింది.

ఎర్ర చెలకకు త్వరగా సత్తువ ఇచ్చేది చెరువు మట్టి. ఇది కొత్త సంగతి కాదు, ఎండాకాలం చెరువు ఎండితే బండ్ల మీద మట్టి తోలుకోవడం మన పెద్దలు చేసిందే. మన దగ్గర కాకతీయుల నాటి నుంచి ఒక చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేట్టు గొలుసుకట్టుగా కట్టారు. ఆ చెరువుల్లో పేరుకున్న పూడిక అంటే పైనున్న చెలకల మట్టే, మీది, నాది, మన పాలోళ్లది. 2015లో మిషన్ కాకతీయ మొదలై పూడిక తీసినప్పుడు చాలామంది సొంత ట్రాక్టర్ ఖర్చు పెట్టుకుని తోలుకున్నారు. మేం అప్పుడు "ఎవరు తోలుతారు" అని ఊరుకున్నాం, తర్వాత మూడేళ్లు కొంచెం కొంచెంగా తోలాం. తోలేముందు నల్లగా, జిగురుగా ఉన్న పూడిక చూసుకోండి, ఇసుక మట్టి తోలితే డీజిల్ దండుగ. వీలైతే దాన్ని కూడా పరీక్షకు ఇవ్వండి. కుప్పలు పోసి వదిలేయకుండా వెంటనే పరిచి, ఎండకు పెళ్లలు విచ్చుకున్నాక మొదటి వానకు దున్నండి. ఇది చెలకకు, దుబ్బకు (ఇసుక నేలకు). నల్లరేగడిలో తోలొద్దు, అక్కడ ఇప్పటికే జిగురు ఎక్కువ.

గొర్రెల మంద సంగతి కూడా అడగండి. ఎండాకాలం నాలుగు రాత్రులు మంద పెట్టిస్తే వచ్చే పెంటను ట్రాక్టర్‌తో తోలుకోవాలంటే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. మందలు తగ్గాయి, అయినా ఎర్ర చెలక ఉన్న ఊళ్లకు ఇంకా వస్తాయి, మంద కాపరితో ముందే మాట్లాడుకోవాలి.

కాల్చొద్దు, కానీ కట్టె చెలకలో నిలబెట్టొద్దు

పత్తి కట్టె దగ్గర ఒక చిక్కు ఉంది. కాలిస్తే మట్టికి పోవాల్సింది పొగ అవుతుంది. అట్లని ఫిబ్రవరి, మార్చి దాకా చెలకలోనే నిలబెడితే, గెట్టు మీద కుప్ప వేస్తే, విచ్చుకోని కాయల్లో గులాబీ రంగు పురుగు కూర్చుని వచ్చే ఏడాదికి విత్తనం అవుతుంది. కాబట్టి ఇంకో రెండు క్వింటాళ్ల ఆశతో పంటను సాగదీయకుండా, జనవరికల్లా ముగించి, కట్టెను ముక్కలు చేసే యంత్రం అద్దెకు తెచ్చి చెలకలోనే ముక్కలు చేయించి దున్నించండి. నలుగురు పాలోళ్లు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే అద్దె తక్కువ పడుతుంది. పొయ్యికి కావాల్సినంత కట్టె బాపమ్మ ముందే ఏరుకుంటుంది, అందులో వాదన పెట్టుకోవద్దు.

వరి కొయ్యకాలుకు కూడా అంతే, అగ్గిపుల్ల గీయకుండా నీళ్లు పెట్టి కలియదున్నండి. మళ్లీ వరే వేయాలని ఏం లేదు, వరి కోసిన మడిలో దున్నకుండానే తడి ఆరకముందు మక్క గింజ గుచ్చే పద్ధతి మన దగ్గర నడుస్తుంది. గడ్డి మందు మీద ఆధారపడే పద్ధతి కాబట్టి నాకు దాని మీద అంత ప్రేమ లేదు, కానీ దుక్కి ఖర్చు మిగులుతుందని చిన్నబాపు వదలడు.

మడికి పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేయండి. తొలకరి పడగానే ఎకరానికి పన్నెండు కిలోల దాకా చల్లి, నెలా పదిహేను రోజులకు, పూత మొదలయ్యే టైంలో కలియదున్నాలి. ఆలస్యమైతే కాడ ముదిరి కుళ్లదు, తిట్లు పడతాయి. సబ్సిడీ విత్తనం కోసం మే నెలలోనే పేరు రాయించుకోండి, మృగశిర వచ్చాక పోతే దొరకదు.

పత్తిలో నాలుగు సాళ్లకు ఒక సాలు కంది పెట్టండి. మా అమ్మకు మొదట ఇష్టం లేదు, గుంటుక తోలడానికి అడ్డమని, కలుపు తనే తీయాలి కాబట్టి ఆమె మాటకు విలువ ఉంది. కంది సాలును పత్తి సాళ్ల దిక్కులోనే, అదే ఎడంతో పెట్టేసరికి ఆ పంచాయితీ తెగింది. ఏడాదికి సరిపడా పప్పు ఇంటికి వచ్చాక ఇప్పుడు ఆమే విత్తనం దాస్తుంది.

మడిలో నీళ్లు

2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంట్ వచ్చాక మోటర్ ఆపడం అనేదే మరిచిపోయాం. ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి వచ్చి పడుకుంటే మడిలో మోకాలి లోతు నీళ్లు, బాయి అడుగున బురద. దీనికి ఒక పైపు ముక్క చాలు. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు తీసుకుని కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టండి, ఆ సగం మడిలో దిగేట్టు గుచ్చి లోపలి మట్టి తీసేయండి. నాటు వేసిన రెండు వారాల దాకా ముందులాగే నీళ్లు నిలపండి, కలుపు రాకుండా. ఆ తర్వాత పైపులో నీళ్లు మట్టి మట్టానికి ఆరంగుళాలు కిందికి దిగినప్పుడే మళ్లీ రెండంగుళాలు పెట్టండి. పూత టైంలో మాత్రం ఆరనివ్వొద్దు. మడి పైన నెర్రెలు కనపడితే బాపుకు టెన్షన్ వస్తుంది, అప్పుడు పైపు దగ్గరికి తీసుకుపోయి లోపల నీళ్లు చూపించండి. మా బాపు వారం రోజులు పుల్ల పెట్టి కొలిచి నమ్మాడు.

ఇప్పుడు బస్తాల మాట

ఇవన్నీ నడిచి కనీసం రెండు పంటలు దాటాక తగ్గించడం మొదలుపెట్టండి. ఒకేసారి బంద్ కాదు. ఆ ఇరవై గుంటల్లో ఐదు సాళ్లకు పావు వంతు తగ్గించి, పక్క ఐదు సాళ్లకు మామూలుగా వేసి, తేడా చూడండి. తేడా రాకపోతే వచ్చే ఏడు ముక్క మొత్తానికి తగ్గించండి. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని ఇరవై ఒక్క కిలో కూడా ఉండదు, దాన్ని ఒకేసారి చల్లకుండా మూడు నాలుగు సార్లుగా, తడి ఉన్నప్పుడు, మొక్క పక్కన మట్టిలో పెడితే చాలా ఆదా ఇక్కడే అవుతుంది. పక్కవాడు వేశాడని వేసే బస్తా ఒకటి ఉంటుంది ప్రతి ఇంట్లో, ముందు అది ఆపండి.

జీవామృతం ఇప్పుడు పోయండి, ఇప్పుడు పని చేస్తుంది. ఎకరానికి 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో పెట్టి పొద్దున, సాయంత్రం కలుపుతూ రెండు మూడు రోజులకు వాడుకోవాలి. పురుగుకు ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో లాగేవి) పెట్టి, పడ్డ రెక్కల పురుగులను లెక్కపెట్టి, లెక్క పెరిగితేనే మందు మాట. వేప గింజలు జూన్, జూలైలో చెట్ల కింద ఏరి ఎండబెట్టుకుంటే వంద లీటర్ల నీళ్లకు ఐదు కిలోల పప్పు దంచి నానబెట్టి వడగట్టిన కషాయం చాలు మొదటి పిచికారికి. ఏరడం ఎండలో పని, పిల్లలకు కిలోకు ఇంత అని డబ్బులిస్తే చకచకా అయిపోతుంది.

పూర్తిగా మందులు మానేసిన ఊరే చూడాలనుకుంటే జనగామ దిక్కు ఏనబావి ఉంది, 2006లోనే రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. పోతే ఒక్కరే పోవద్దు. బాపును, చిన్నబాపును కూడా బండెక్కించుకుని పోండి. మనం చెబితే పిల్లల మాట అవుతుంది, అక్కడి ముసలాయన చెబితే రైతు మాట. మేం పోయి తిరిగి వచ్చేటప్పుడు దారంతా వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు, నేను బండి నడిపాను.

ఉగాదికి ముందు నోట్‌బుక్ తీసి రెండు ముక్కల లెక్క పక్కపక్కన పెట్టి అందరికీ చదివి వినిపించండి, నష్టం వచ్చిన గడి కూడా. మాకు మొదటి ఏడాది గట్టు ఖర్చుతో కలిపితే నష్టమే, రెండో ఏడాది సమానం, మూడో ఏడాది దిగుబడి కొంచెమే పెరిగింది గానీ ఖర్చు బాగా తగ్గింది. అప్పుడు బాపు ఇంకో రెండెకరాలకు సరే అన్నాడు.

ఆ వెదురు చట్రం పని అయ్యాక ఎండలో పారేయకుండా కొట్టంలో నిలబెట్టండి, కట్టిన తాళ్లు సడలుతాయి కాబట్టి ప్రతి ఏడాది వాడేముందు కాళ్లు తిప్పి మళ్లీ గీత సరిచూసుకోండి. మాది ప్రస్తుతం కొట్టంలో లేదు, చిన్నబాపు తన చెలకకు తీసుకుపోయి పదిహేను రోజులైంది.